నవకోటి నారాయణుని గోపాళబుట్ట : శ్రీ పురందరదాసుల జీవితము

సంగీతము నేర్చుకొను బాలబాలికలున్న ఇంట తెల్లవారుజామున మొదట వినవచ్చునవి మాయామాళవగౌళ రాగములోని సరళీవరుసలు. పిదప జంటవరుసలు, అలంకారములు, ఆ పైన పిళ్ళారి గీతములు. ఈ పాఠక్రమమును ఏర్పరచినవారు శ్రీ పురందరదాసులవారని సంగీతజ్ఞులు పరంపరగా చెప్పుచున్నారు. ఆయనను కర్ణాటక సంగీత పితామహుడని కొలుచుటకు అదియే కారణము. శ్రీ త్యాగరాజస్వామివారు సైతము తమ ప్రహ్లాదభక్తివిజయమున ఆయనకు నమస్కరించియున్నారు. ఇవి పలువురెరిగిన సంగతులే. కాని ఆ స్వరములను వరుసగా పేర్చిన చేతులు అంతకుముందు చాలకాలము త్రాసును, గీటురాయిని పట్టిన చేతులని పిల్లలకు చెప్పువారు అరుదు. భక్తుల చరిత్రలలో గానమును, సాక్షాత్కారమును విస్తరించి చెప్పి, డబ్బు సంగతి వచ్చుసరికి ఒక్క వాక్యముతో దాటిపోవుట మనకు అలవాటు. దాసులవారి విషయమున అట్లు దాటిపోయినచో కథలో సగము పోవును.

ఆయన పూర్వనామము శ్రీనివాసనాయకుడు. 1484 ప్రాంతమున జన్మించినట్లు సంప్రదాయము. జన్మస్థలము పుణె సమీపమందలి పురందరగడమని కొందరు, మలెనాడులోని తీర్థహళ్ళి ప్రాంతమని కొందరు వాదింతురు; ఆ వివాదముతో మనకిప్పుడు పనిలేదు. తండ్రి వరదప్పనాయకుడు ధనికుడైన వర్తకుడు. తిరుమలేశుని అనుగ్రహమున కలిగిన బిడ్డడని తలిదండ్రులు ఆ స్వామి పేరే పెట్టుకొనిరి. బాలుడు సంస్కృతము, కన్నడము, సంగీతము చక్కగా అభ్యసించెను. తండ్రి గతించిన పిమ్మట రత్నముల బేరము, తాకట్టు వ్యాపారము అతని చేతికి వచ్చెను. సరస్వతి అను సుగుణవతి ఇల్లాలయ్యెను. వ్యాపారము పెరిగెను, పెరిగి పెరిగి లోకులు అతనిని నవకోటి నారాయణుడని పిలువసాగిరి. తొమ్మిదికోట్లు నిజముగా ఉండెనో లేదో లెక్కించినవారు లేరు. లోభము మాత్రము ఆ లెక్కకు తగినంత ఉండెనని కథకులందరును చెప్పుదురు.

అది ఎటువంటి కాలమో ఒకసారి తలచుకొనవలెను. 1509 నుండి 1529 వరకు విజయనగర సింహాసనమున శ్రీకృష్ణదేవరాయలుండెను. 1520 ప్రాంతమున ఆ నగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అంగడివీథులలో కెంపులు, వజ్రములు, పచ్చలు, ముత్యములు, నానావిధ వస్త్రములు విక్రయింపబడుచుండెనని వ్రాసెను. అతని తరువాత వచ్చి ఆ రాజ్యచరిత్ర వ్రాసిన నూనిజ్ గుఱ్ఱముల వర్తకుడు. బంగారు వరాహ, దానిలో పదవవంతైన పణము ఊరూర చెల్లుచుండెను. ఆ రాయలవారే ఆముక్తమాల్యద రచించిరి. అది గోదాదేవి కథ. వైష్ణవులకు పూజ్యమైన ప్రబంధము. అందు యామునాచార్యులవారు కుమారునకు చేయు రాజనీతి బోధలో, రేవులను బాగుపరచి గుఱ్ఱములు, ఏనుగులు, మణులు, ముత్యములు, చందనము దేశమునకు వచ్చునట్లు వర్తకమును పోషింపవలెనని కలదు. చెఱువులు, కాలువలు పెంచి పేదరైతుకు పన్నులో వెసులుబాటు కలిగించినచో అర్థమును ధర్మమును రెండును వృద్ధిపొందునని కూడ కలదు. భక్తికావ్యమున రేవుపట్టణముల ప్రసక్తి ఏమని ఇప్పటివారు ఆశ్చర్యపడవచ్చును. ఆనాటివారికి అది వింతగా తోచినట్లు లేదు. సిరి శ్రీహరి ఇల్లాలు. ఆమె నడచినచోట పచ్చగా ఉండునని, ఆమెను గదిలో పెట్టి తాళము వేసినవాడు చెడునని వారి తలపు.

శ్రీనివాసనాయకుని దుకాణము తాళము పడిన గది. తాకట్టు వ్యాపారము సంగతి మన పల్లెలలో తెలియనివారు లేరు. పంట పోయినపుడు, పిల్లకు పెండ్లి కుదిరినపుడు, వటువునకు ఒడుగు చేయవలసినపుడు గృహస్థు మెడలోని గొలుసో చేతి కడియమో తెచ్చి అంగడిలో పెట్టును. వర్తకుడు దానిని గీటురాయిపై గీచి, తూచి, విలువలో కొంత తగ్గించి డబ్బిచ్చును. వడ్డీ కట్టలేనిచో వస్తువు అతని పెట్టెలోనే ఉండిపోవును. అది ఎవరి తల్లి పెట్టినది, ఏ శుభదినమున చేయించినది అను మాటలు ఆ లెక్కలోనికి రావు. ఎత్తు మాత్రమే మిగులును. గమనింపవలసినది మరియొకటి కలదు. అప్పునకు వచ్చువారిలో పెక్కుమందిని అచ్చటికి పంపునది ధర్మకార్యమే. ఉపనయనము, వివాహము, పితృకార్యము, వ్రతము, వీనిని నలుగురిలో తక్కువ కాకుండ జరుపవలెనను పట్టుదల అప్పుల అంగడికి రాజమార్గము వేసినది. మన ఇండ్లలో శుభకార్యముల ఖర్చు చూచినచో ఆ మార్గమున నేటికిని గడ్డి మొలవలేదని తెలియును. నాయకుని కథలో వచ్చినవాడును ఆ త్రోవనే వచ్చెను.

ఒకనాడు వృద్ధబ్రాహ్మణుడొకడు కుమారుని ఉపనయనమునకై సహాయము కోరుచు దుకాణము మెట్టెక్కెను. తాకట్టు పెట్టుటకు అతనివద్ద ఏమియు లేదు. నాయకుడు రేపు రమ్మనెను. మరునాడును అదే మాట. ఇట్లు నెలలు గడచినవని కొందరు కథకులు చెప్పుదురు. చివరకు విసుగెత్తి, అరిగి చెల్లకపోయిన నాణెముల కుప్ప చూపి, అందొకటి తీసికొని పొమ్మనెను. బ్రాహ్మణుడు అచ్చటినుండి నాయకుని ఇంటికి పోయి ఇల్లాలిని యాచించెను. సరస్వతమ్మకు భర్త గుణము తెలియును. ఇంటిలోని ధనముపై తనకు చెల్లుబడి లేదనియు తెలియును. పుట్టినింటివారు పెట్టిన వజ్రపు ముక్కెర మాత్రము తన సొత్తు. దానిని ఊడదీసి అతని చేతిలో పెట్టెను.

ధర్మశాస్త్రమెరిగిన పాఠకులకు ఇచ్చట ఒక సూక్ష్మము తోచకపోదు. స్త్రీధనము భార్యకు సొంతము. దానిని ఇచ్చుటకు ఆమెకు ఎవరి అనుమతియు అక్కరలేదు. నవకోటి ధనమున్న ఆ ఇంట ధర్మమునకు పనికివచ్చిన సొత్తు ఆ ఒక్క ముక్కెరయే.

బ్రాహ్మణుడు దానిని తిన్నగా నాయకుని దుకాణమునకే తెచ్చెను. చూచినంతనే అది తన ఇంటిదని నాయకుడు గుర్తించెను. పెట్టెలో పెట్టి తాళము వేసి, బ్రాహ్మణుని తరువాత రమ్మని పంపి, ఇంటికి పరుగెత్తెను. ముక్కెర ఏదని అడిగెను. తెచ్చి చూపుమని గద్దించెను. ఆమె దిక్కుతోచక లోనికి పోయి, స్వామికి మ్రొక్కి విషము త్రాగబోగా గిన్నెలో ఏదో పడిన చప్పుడయ్యెను. చూడగా ముక్కెర! తెచ్చి భర్తకిచ్చెను. అతడు దానిని చేతబట్టి మరల దుకాణమునకు పోయి పెట్టె తెరచెను. పెట్టెలో ముక్కెర లేదు. బ్రాహ్మణుడును తిరిగి రాలేదు.

ఈ కథను చరిత్ర కాదనువారు కాదనవచ్చును. నాకు మాత్రము ఇందు మిక్కిలి ఇష్టమైనది, స్వామి లీల ఒక లెక్కల చిక్కుగా వచ్చుట. ప్రహ్లాదునికై స్వామి స్తంభమున వెలసెను. గజేంద్రునికై గరుడునిపై వచ్చెను. వర్తకునికై తాళము వేసిన పెట్టెలోనుండి ఒక వస్తువును మాయము చేసెను. పెట్టెలోని సరకు పద్దుతో సరిపోని దినమున వర్తకునికి నిద్రపట్టదు. అన్ని ఏండ్లు సరిగా వచ్చిన లెక్క ఆనాడు తప్పెను. తప్పు ఎచ్చటనో వెదుకగా వెదుకగా, తన సొత్తని తాను వ్రాసికొన్న మొదటి పద్దే తప్పని అతనికి తోచెను. ఇల్లాలిని బుజ్జగించి అడుగగా ఆమె జరిగినదంతయు చెప్పెను. అంతట నాయకుడు తన సర్వస్వమును తులసీదళముతో కృష్ణార్పణముగా దానమొసగి, భార్యాబిడ్డలతో విజయనగరపు త్రోవ పట్టెను.

అడవిలో చీకటిపడగా సరస్వతమ్మకు దొంగల భయము కలిగెను. ఏమియు లేనివారికి దొంగల భయమేమని భర్త ప్రశ్నించెను. పిల్లలు నీరు త్రాగుటకు చిన్న బంగారు గిన్నె ఒకటి మూటలో దాచియుంచినట్లు ఆమె చెప్పెను. ఆయన దానిని తీసి పొదలలోనికి విసరివేసిరి. హరికథలలో ఈ ఘట్టము వచ్చినపుడు ఇల్లాలిని కొంత ఎగతాళి చేయుట పరిపాటి. అది న్యాయము కాదు. ముక్కెర ఇచ్చిన తల్లియే గిన్నె దాచినది. పరుల బిడ్డకై వజ్రమును విడువగలిగిన మనసు తన బిడ్డ దాహమునకై గిన్నెను విడువలేకపోయెను. సంసారుల ధనమోహము చాలవరకు ఈ గిన్నెవంటిదే. చూచువారికే కాదు, దాచినవారికి సైతము అది ఆశగా కనబడదు, జాగ్రత్తగా కనబడును. నాయకుని పెట్టె కంటె ఈ గిన్నెను విసరుటయే కష్టమని నా తలపు.

విజయనగరమున ఆయనకు గురువుగా లభించినవారు శ్రీ వ్యాసరాయతీర్థులవారు (1460–1539). 1525లో దాసదీక్షనిచ్చి పురందరవిఠల అను అంకితమును ప్రసాదించిరని సంప్రదాయము. నాటినుండి శ్రీనివాసనాయకుడు పురందరదాసులైరి.

గురుశిష్యులనిరువురిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఒక విశేషము కనబడును. వ్యాసరాయలవారు సన్న్యాసులు, న్యాయామృతాది గ్రంథకర్తలు, రాయలవారికి పూజ్యులు. అయినను ధనధాన్యముల వ్యవహారమునకు దూరముగా ఉన్నవారు కారు. రాయలవారు వారికి గ్రామములను సమర్పించిరి. 1526 నాటి దానమైన బెట్టకొండ గ్రామమున వ్యాససముద్రమను పెద్ద చెఱువు వారి పేరు నిలిపినది. తిరుమలలో పన్నెండేండ్లు స్వామి అర్చన నిర్వహించిరని మాధ్వులు చెప్పుదురు. స్వామి నైవేద్యములకై వారు చేసిన ఏర్పాట్లు తిరుమల శాసనములలో కలవు.

ఆ శాసనములు చదువుట ఒక గొప్ప అనుభవము. పైకి అన్నియు అన్నము, నెయ్యి, పెసరపప్పు, చందనము, తమలపాకుల లెక్కలవలె ఉండును. లోన ఒక సంపూర్ణమైన అర్థశాస్త్రము కలదు. భక్తుడు శ్రీభండారమున కొంత పైకము కట్టును. ఆలయ వ్యవహర్తలైన స్థానత్తారులు ఆ పైకముతో స్వామివారి గ్రామములలో చెఱువులు, కాలువలు త్రవ్వింతురు. నీరు పారినందున అధికముగా పండిన పంటతో ఆ భక్తుని పేర నిత్యము నైవేద్యము జరుగును. నివేదితమైన ప్రసాదములో నాల్గవవంతు దాతకు చెందును. సాళువ నరసింహరాయలవంటివారు తమ వంతును రామానుజకూటములలో యాత్రికుల భోజనమునకు వినియోగింపజేసిరి. కొందరు దాతలు తమ వంతును ఇతరులకు విక్రయించుకొనుటయు కలదు. కనుక ఇందు వ్యాపారము లేదని అనజాలము. కొండకు వచ్చిన వరాహ కాలువయై, కాలువ వరియై, వరి ప్రసాదమై, ప్రసాదములో కొంత మరల పణమై తిరుగుచుండెను. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుండి 1521 వరకు ఏడుమార్లు తిరుమలకు వచ్చి సమర్పించిన ఆభరణములను అందరును తలచుకొందురు. ఎండకాలమున మడికి నీరందించిన కాలువ అంతగా తలపునకు రాదు.

ఇది గురువుగారి త్రోవ. శిష్యునిది వేరు. వేకువనే స్నానము చేసి, కాలికి గజ్జెలు, చేత తంబుర, భుజమున గోపాళబుట్ట ధరించి, పాడుచు వీథులు తిరిగి, గృహస్థులు వేసిన పిడికెడు బియ్యముతో ఇంటికి వచ్చుట ఆయన నిత్యకృత్యము. దీనికి మధుకరవృత్తి అని పేరు. తుమ్మెద పువ్వును నలుపక తేనె గ్రహించునట్లు గ్రహింపవలెను, ఆనాటికి చాలినంత మాత్రమే గ్రహింపవలెను, రేపటికి నిలువచేయరాదు. ధనుర్మాసమున తలపై అక్షయపాత్రతో, చిరుతలతో మన పల్లెలకు వచ్చు హరిదాసును చూచినవారికి ఆ రూపము కన్నులకు కట్టును. ఒకనాడు రాయలవారు పరీక్షార్థము బియ్యములో రత్నములు కలిపి వేయించిరనియు, సరస్వతమ్మ వానిని రాళ్ళని ఏరి పారవేసెననియు ఒక కథ కలదు. ఆ కథ నిజమైనచో, బంగారు గిన్నె దాచిన తల్లి ఎంత దూరము నడచి వచ్చెనో అందు తెలియుచున్నది.

ఇచ్చట ఒక ప్రశ్న వేసికొనక తప్పదు. ఆ పిడికెడు బియ్యము ఎచ్చటిది? తుంగభద్ర కాలువల క్రింద పండినది. సంతలో కొన్నది. వేసిన ఇల్లాలి భర్త ఏ రత్నాల అంగడిలోనో, ఏ గుఱ్ఱముల బేరములోనో సంపాదించినది. లోకము వ్యాపారము మానినచో దాసుని బుట్ట నిండదు. విరక్తుని విరక్తిని సంసారులే మోయుదురు. ఈ సంగతి మాజీ వర్తకుడైన దాసులవారికి తెలియదనుకొనుట పొరపాటు. అందుకే కాబోలు ఆయన అంగడిని శపించి అడవికి పోలేదు. అంగడి నడుమనే పాడిరి. ఇంతేకాదు, అంగడి మాటలతోనే పాడిరి.

ఆయన కీర్తనలలో మిక్కిలి ప్రసిద్ధమైన ఒకదానిలో దాసులవారు కలకండ అమ్మువానివలె వీథిలో కేకవేయుదురు. ఆ కలకండ హరినామము. దానిని ఎద్దులపై మోయనక్కరలేదని, త్రోవలో సుంకము లేదని, వెల లేదని ఆ సరకు గుణములను ఏకరువు పెట్టుదురు. ఎద్దుబాడుగ, సుంకము, సరకు చెడుట ఈ మూడును వర్తకుని నిత్యదుఃఖములు. వానిని అనుభవించినవాడు కాని అట్టి కీర్తన చెప్పజాలడు. మరియొకదానిలో భిక్షకు రాగులు తెచ్చితిరా అని గడపలో నిలిచి అడుగుదురు. కన్నడమున ఆ ధాన్యము పేరు, ఫలానివారై యుండుడని చెప్పు మాటల చివరి ధ్వనియు ఒక్కటే యగుటచే, అడిగినది ధాన్యమో గృహస్థుని సద్గుణమో తెలియకుండ శ్లేష నడచును. బుట్ట పట్టిన చేయి ఇచ్చువానిని నిలదీయుచున్నది! పుచ్చుకొనుటలోని చిన్నతనము ఆ పాటలో మచ్చునకైనను లేదు. తన మార్పునకు కారణము భార్యయేనని, జరిగినదంతయు మేలుకే జరిగినదని ఇంకొక కీర్తనలో ఒప్పుకొనిరి. తంబుర పట్టుటకు, తులసిమాల వేసికొనుటకు ఒకప్పుడు సిగ్గుపడినవాడనని కూడ అందు దాచక చెప్పిరి. ధనికునికి దారిద్ర్యము కంటె ముందు సిగ్గు అడ్డువచ్చునన్న మాట.

అంగడి భాషను భక్తిలోనికి తెచ్చిన ఈ మహానుభావుడే, భక్తి అంగడిగా మారినపుడు సహింపలేదు. పొట్టకూటి వైరాగ్యమును ఎత్తిపొడుచు ఒక కీర్తన కలదు. కంచరి దుకాణమువలె కంచు, ఇత్తడి ప్రతిమలను వరుసగా పేర్చి, తళతళలాడుటకై దీపములు వెలిగించి చేయు పూజను అందు ఆయన ఎండగట్టిరి. రత్నములు తూచినవాని కన్ను అది. ఏది బరువో, ఏది మెఱుగో ఆ కన్ను తప్పిపోదు.

ఈ కీర్తన అర్థము మొదట తెలిసిన దినమున నేను మా పూజామందిరము వైపు చూడలేకపోతిని. యాత్రకు పోయిన ప్రతి ఊరినుండి ఒక విగ్రహమో, ఒక పటమో కొనితెచ్చుట మా ఇంట అలవాటు. కొనునపుడు భక్తియనియే అనుకొంటిమి. లెక్కించి చూడగా పదునేడు విగ్రహములు, ఇరువదికి పైగా పటములు ఉండెను. అన్నిటికి కలిపి నైవేద్యము మాత్రము ఒక చిన్న గిన్నెడు పాలు. ఆ పాలును ఆ పిదప మేమే త్రాగెదము. వాకిటిలోనికి వచ్చిన యాచకునికి అందులో వంతు ఎన్నడును లేదు. దాసులవారు మా వాకిట నిలిచి రాగులు అడిగినచో ఏమి చెప్పుదునో నాకు తెలియలేదు. విగ్రహములు ఇప్పటికిని అట్లే ఉన్నవి. వానిని ఎవరికి ఇచ్చుటకును మనసొప్పలేదు. కొత్తవి కొనుట మాత్రము ఆగినది.

దాసులవారు సుమారు నలువదియేండ్లు ఆ వృత్తిలోనే గడపిరి. నాలుగు లక్షల డెబ్బదియైదువేల కీర్తనలు రచించిరని ప్రతీతి. నేడు లభించునవి వేయి ప్రాంతము. తొమ్మిదికోట్ల వరాహలు ఏమైనవో తెలియనట్లే, ఆ మిగిలిన కీర్తనలు ఏమైనవో తెలియదు. పాడుచు వీథులు తిరుగువాడు పాడినది వ్రాసి దాచుకొనడు కదా. ఆయన గురువుగారు శిష్యుని దాసులలో శ్రేష్ఠునిగా మెచ్చి స్వయముగా ఒక కీర్తన చెప్పిరి. గురువు శిష్యునిపై కీర్తన చెప్పుట మన సంప్రదాయములో తరచుగా కనబడదు.

రక్తాక్షి సంవత్సర పుష్య బహుళ అమావాస్యనాడు ఆయన హరిపాదము చేరిరి. వాడుకలో దానిని 1564గా లెక్కింతురు. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధము జరిగెను. రాయల నగరము దోపిడికి గురియయ్యెను. పేస్ చూచిన రత్నాల అంగళ్ళు మరల తెరువబడలేదు. హంపిలో విఠలాలయము ముందటి అంగడివీథిలో నేడు రాతికంబముల వరుసలు మాత్రము నిలిచియున్నవి. ఆ ఆలయమునకు సమీపముననే, తుంగభద్ర ఒడ్డున, పురందర మండపమని పిలువబడు చిన్న కట్టడము కలదు. దాసులవారు అందు కూర్చుండి పాడెడివారని చెప్పుదురు. గోడలు లేవు, తలుపు లేదు. నదికి వరద వచ్చినపుడు నీరు కంబముల నడుమనుండి పారి పోవుచుండును. వరద తీసినపిమ్మట ఇసుక ఊడ్చి, పుష్యమాసపు అమావాస్యకు గాయకులు వచ్చి అచ్చట కూర్చుందురు.